రెబెక్కా అస్లీయా, నక్లీయా?

దొంగ కళాఖండాల చుట్టూ తిరిగే సస్పెన్స్ నవలల్లో కథంతా ఒకే అనుమానం మీద నడుస్తుంది: ఎదురుగా ఉన్నది అసలుదేనా అని. అలాంటి నవలకు కావలసిన సరంజామా పాతబస్తీలోనే, మూసీ ఒడ్డున సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉంది. అక్కడి 'వీల్డ్ రెబెక్కా' పాలరాతి విగ్రహం ఇటలీ శిల్పి జొవాన్ని మరియా బెంజోనిది. ఆయన 1873లో చనిపోయాడు. హైదరాబాద్ దివాన్ మొదటి సాలార్‌జంగ్, అంటే మీర్ తురాబ్ అలీఖాన్, యూరప్ ప్రయాణంలో ఈ విగ్రహాన్ని రోమ్‌లో కొన్నది 1876లో. పైగా అట్లాంటాలోని హై మ్యూజియంలో ఇదే ముసుగుతో, ఇదే భంగిమలో మరో రెబెక్కా ఉంది. శిల్పి పోయిన మూడేళ్లకు బేరం, సముద్రాలకవతల తోబుట్టువు! నవలాకారుడి చేతికి చిక్కితే రెండో అధ్యాయంలోనే హత్య జరిగిపోతుంది.

నిజానికి ఇందులో దొంగతనమేమీ లేదు. ఆనాటి రోమ్ కార్ఖానాల్లో పని ఎలా సాగేదో చూస్తే ముడి దానంతటదే వీడుతుంది.

శిల్పి నేరుగా రాయి మీద ఉలి పెట్టేవాడు కాదు. ముందు ఇనుప ఊచల గూడు కట్టి, దాని మీద బంకమట్టితో బొమ్మ చేసేవాడు. మట్టి ఎండి పగలకుండా తడిగుడ్డలు కప్పుతూ నెలల తరబడి దిద్దేవాడు. శిల్పి ఆలోచన అంతా ఈ దశలోనే. తర్వాత మట్టిబొమ్మకు ప్లాస్టర్‌తో అచ్చు తీసి, ఆ అచ్చులో మళ్లీ ప్లాస్టర్ పోసేవారు. అచ్చు పగలగొడితే తెల్లటి ప్లాస్టర్ బొమ్మ బయటికొస్తుంది. మట్టిబొమ్మ ఆ క్రమంలో చెదిరిపోతుంది. అక్కడి నుంచి కార్ఖానాకు ప్రమాణం ఆ ప్లాస్టర్ బొమ్మే.

దాన్ని రాతిలోకి దించడానికి వాడే పరికరం చూడటానికి ఏమంత గొప్పగా ఉండదు. నిలువు కమ్మీ, అడ్డకమ్మీ కలిపిన చట్రం, దాని మీద ఎటు కావాలంటే అటు తిరిగే ఒక చెయ్యి, ఆ చేతి చివర ముందుకీ వెనక్కీ జారే సూది, సూదికి ఒక బిగింపు. అంతే. ప్లాస్టర్ బొమ్మ మీద మూడు చోట్ల లోహపు మొలలు దిగేస్తారు. రాతి దిమ్మె మీదా సరిగ్గా అవే దూరాల్లో మూడు గుర్తులు పెడతారు. మూడు చోట్ల ఆనిన వస్తువు ఊగదు. అందుకే ఆ చట్రాన్ని ఎన్నిసార్లు తీసి తగిలించినా అదే చోట కూర్చుంటుంది. చట్రాన్ని బొమ్మకు తగిలించి, సూదిని ముక్కు కొనకో మోచేతికో తాకించి బిగిస్తారు. సూదిని వెనక్కి లాగి, చట్రాన్ని తెచ్చి రాతికి తగిలిస్తారు. ఇప్పుడు సూది ముందుకు జారాలంటే రాయి అడ్డు. బరమాతో కొద్దికొద్దిగా తొలుస్తూ, సూది బిగింపు దాకా చేరిన క్షణాన ఆపేస్తారు. ఆ బెజ్జం అడుగే ముక్కు కొన ఉండాల్సిన చోటు. ఇలా వందల, వేల బిందువులు. లెక్క తప్పి ఎక్కువ తొలిస్తే పోయిన రాయి తిరిగి రాదు కాబట్టి మొదటి విడతలో కాస్త మందం అట్టే ఉంచుతారు.

బెజ్జాల మధ్య మిగిలిన రాతిని మొనదేలిన ఉలితో కొడతారు. తర్వాత పళ్ల ఉలి, ఆ గీతల్ని చదును చేయడానికి బల్ల ఉలి, ఆపైన ఆకురాయి, చివర మెరుగు. ఒక్కో పనికి ఒక్కో చేయి. దిమ్మె కొట్టేవాడు ముఖం జోలికి రాడు. బట్ట మడతలకు వేరే నిపుణులుండేవారు. మన పాతబస్తీ మాటల్లో చెప్పాలంటే ఉస్తాద్ ఒకడు, షాగిర్దులు ఎందరో. ఉస్తాద్ అనుమతితో, అదే ప్లాస్టర్ బొమ్మ నుంచి, అదే కార్ఖానాలో దిగిన ప్రతి విగ్రహమూ ఆనాటి లెక్కలో అసలుదే. అట్లాంటా రెబెక్కాకూ మన రెబెక్కాకూ మధ్య అస్లీ, నక్లీ అన్న పేచీ లేదు.

ఇక ముసుగు సంగతి. కథ బైబిల్ ఆదికాండంలోది. కాబోయే భర్త ఇస్సాకు దూరాన కనబడగానే రెబెక్కా ఒంటె దిగి ముసుగు వేసుకుంటుంది. విగ్రహం ముందు నిలబడితే పల్చటి బట్ట కింద కాస్త వంచిన ముఖం, ఆ రెండిటి మధ్య ఇంత గాలి ఉన్నాయని మన కన్ను ఒట్టేసి చెబుతుంది. ఉన్నది మాత్రం ఒకే ఉపరితలం. ముసుగు వెనక ఖాళీ లేదు, రెండో ముఖమూ లేదు.

దగ్గరికెళ్లి చూస్తే కిటుకు కొంత అందుతుంది. బట్ట ఆనే చోట్ల, అంటే నుదురు, ముక్కు, పెదవులు, గడ్డం మీద, రూపం దాదాపు పూర్తిగా తేలుతుంది. బట్ట ఆనకుండా వంతెనలా సాగే చోట్ల, అంటే కనుగుంటల్లో, ముక్కు పక్కన, లోతు తగ్గుతుంది. కనురెప్ప అంచు ఉండీ లేనట్టు మెత్తబడుతుంది. వీటన్నిటి మీదుగా సన్నటి మడతలు రాతిలో ఉబ్బుగా సాగుతాయి. మడత నుదుటి దగ్గర మొదలైతే ముఖం గీతల్ని లెక్కచేయకుండా దాటి కిందికి పోవాల్సిందే. ముక్కు దగ్గరికొచ్చి ముక్కుతో పాటు వంకర తిరిగితే అది ముడతలు పడ్డ చర్మమైపోతుంది. ఒక గీత బట్టకు, ఒక గీత ముఖానికి. రెండూ ఒకదాన్నొకటి ఖాతరు చేయవు కాబట్టే మన బుర్ర రెండు పొరలున్నాయని తీర్మానిస్తుంది. పాలరాయి కూడా సాయపడుతుంది. దాని పలుకుల్లోకి వెలుగు కొంచెం చొరబడి, చెదిరి తిరిగొస్తుంది. నల్లరాతి మీద ఈ పని ఇంతగా పండదు.

నన్ను ఎక్కువగా కట్టిపడేసేది మాత్రం బట్ట ఒంటిని వదిలి విడిగా వేలాడే అంచులు. అక్కడ రాతిని వెనక నుంచి తొలిచి నిజంగానే పల్చన చేశారు. అంచు పల్చనగా కనబడగానే మిగతా ముసుగంతా అంతే పల్చన అని మనం నమ్మేస్తాం. సాక్ష్యం ఒకచోట చూపించి, తీర్పు అంతటికీ రాబట్టుకున్నాడు బెంజోని.

ఈ విద్య ఆయన కనిపెట్టింది కాదు. నేపుల్స్‌లోని సాన్సెవేరో ప్రార్థనాలయంలో జుసేప్పె సన్మార్తీనో 1753లో చెక్కిన ముసుగు క్రీస్తు ఉంది. ఆ నేతపని నమ్మశక్యంగా లేక, దాన్ని చేయించిన రాకుమారుడు రసవాదంతో నిజం బట్టనే రాయిగా మార్చాడని ఊళ్లో పుకారు పుట్టింది. ముసుగూ పాలరాయేనని నాటి చెల్లింపు పత్రం చెబుతున్నా ఆ పుకారు చావలేదు. పనితనానికి అంతకు మించిన ప్రశంస నాకు తెలీదు.

మరి నిజమైన దొంగసరుకు ఎలా పుడుతుంది? అదే రోమ్‌లో అల్చేయో దొస్సేనా అనే శిల్పి ఉండేవాడు. ఆయన సొంతంగా ప్రాచీన శైలిలో చెక్కిన బొమ్మల్ని డీలర్లు గ్రీకువనీ, రినైసాన్స్ కాలానివనీ పెద్ద మ్యూజియాలకు అంటగట్టారు. 1928లో గుట్టు రట్టయింది. రాతిలో తప్పేమీ లేదు, అబద్ధమంతా దాని వెంట నడిచిన కథలో ఉంది. మన చందవరం బుద్ధ ఆరాధకుల ఫలకం సంగతి ఇందుకు తిరగేసిన బొమ్మ. ప్రకాశం జిల్లా చందవరం నుంచి చోరీ అయిన ఆ సున్నపురాతి శిల్పం నూటికి నూరుపాళ్లు అసలుది, దొంగది దాని చరిత్ర. న్యూయార్క్ డీలర్ దగ్గర ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ 2005లో 5,95,000 డాలర్లు పోసి దాన్ని కొన్నది. పూర్వ యజమానుల వివరం తప్పని తేలాక 2016లో భారత్‌కు అప్పగించింది.

రెబెక్కాను చూడబోతే ఒక చిన్న సలహా. మ్యూజియం సంగీత గడియారం ముందు మధ్యాహ్నం 12 గంటలకు జనం మూగుతారు. బొమ్మ బయటికొచ్చి పన్నెండు గంటలు కొట్టడం వాళ్లకు ముచ్చట. ఆ కాసేపు మీరు రెబెక్కా దగ్గరికి నడవండి. ఎదురుగా ఫొటో తీసుకుని వెనుదిరగకుండా పక్కకొచ్చి, వేలాడే ముసుగు అంచు చూడండి. శుక్రవారం మ్యూజియానికి సెలవు.