ఏలుదువు: శాపం, వారసత్వం, ఒక క్రియాపదం

పోయినేడు మా అత్త మా అన్నయ్యని ఒక ప్రార్థనా మందిరానికి తీసుకెళ్లింది. తోడుగా నేనూ వెళ్లాను. లోపలికి వెళ్లేముందే ఒక ఫారం ఇచ్చారు. ఇంట్లో ఎవరెవరు తాగేవాళ్లు, ఎవరు ఉరేసుకున్నారు, ఎవరికి పిల్లలు పుట్టలేదు, పాతవాళ్లు ఏయే దేవతలకి మొక్కేవాళ్లు అని తరాల వారీగా గళ్లు. తాగుడు దగ్గర పెద్దగా ఆలోచించకుండానే మూడు పేర్లు రాసేశాను: తాత, నాన్న, అన్నయ్య. చివరి గడి మీద ‘పిల్లలు’ అని ఉంది. మా అబ్బాయికి అప్పుడు మూడేళ్లు. ఆ ఖాళీ గడిని చూస్తూ చాలాసేపు కూచున్నాను.

ఆ మందిరాన్ని తిట్టడానికి ఇది రాయడం లేదు. అన్నయ్య కోసం మోకాళ్ల మీద ఏడ్చినవాళ్లు అక్కడున్నారు. బంధువుల్లో ఎవరూ అంత ఓపిక చూపించలేదు. కానీ ఆ గడి నన్ను రెండు పాత అమెరికన్ నవలల దగ్గరికి మళ్లీ పంపింది. నా గొడవంతా వాటితోనే.

ముందు బైబిల్ సంగతి. తండ్రుల దోషం మూడు నాలుగు తరాల దాకా వస్తుందన్న మాట నిర్గమకాండం 20వ అధ్యాయంలో ఉంది. దాన్ని ఆనుకునే కరుణ వేల తరాల దాకా వెళ్తుందనీ ఉంది. శాపం గురించి మాట్లాడేవాళ్లు ఈ రెండో లెక్క దగ్గర ఎందుకో తొందరగా ముందుకెళ్లిపోతారు. యెహెజ్కేలు 18వ అధ్యాయమైతే ఏకంగా ఎదురు తిరుగుతుంది. పెద్దలు పులుపు తింటే పిల్లల పళ్లు పులిశాయన్న సామెత ఇక చెల్లదంటుంది, ఎవరి పాపం వాళ్లదేనంటుంది. విలాపవాక్యాలు మాత్రం, చచ్చిపోయిన తండ్రుల దోషం మేం మోస్తున్నామని ఏడుస్తుంది. యోహాను 9లో పుట్టుగుడ్డివాణ్ణి చూసి, పాపం చేసింది వీడా, వీడి తల్లిదండ్రులా అని శిష్యులు అడిగితే, ఇద్దరూ కాదంటాడు యేసు. అంటే బైబిల్ ఈ విషయం మీద తనలో తానే వాదించుకుంటోంది. ఫారంలో గళ్లుంటాయి కానీ వాదనకి చోటుండదు.

ఈ ఫారాల వెనక ఉన్న ఆలోచనకి ఇప్పటి రూపం ఇచ్చిన పుస్తకాల్లో బాగా పేరున్నది డెరెక్ ప్రిన్స్ 1990లో రాసిన ‘బ్లెస్సింగ్ ఆర్ కర్స్’. ఈ ప్రిన్స్ 1915లో మన బెంగళూరులోనే పుట్టాడు. శాపానికి గుర్తులని ఆయన ఏడింటిని చెప్తాడు. మానసిక రుగ్మత, వదలని జబ్బులు, సంతానలేమి లాంటివాటి పక్కన తీరని డబ్బు కటకట కూడా ఉంది. ఒకటి రెండు గుర్తులున్నంత మాత్రాన తేల్చేయకూడదని జాగ్రత్త కూడా చెప్తాడు. అయినా ఆ డబ్బు కటకట దగ్గర నేను ఆగిపోయాను. మా నాయనమ్మ గూడెంలో పుట్టింది. ఊరి చెరువులో కుండ ముంచనివ్వని రోజులు. ఆమె పేదరికం శాపమైతే, అందులో ఆమె పెద్దలు చేసిన పాపమేంటి? భూమి లాక్కున్నదీ, నీళ్లు ముట్టనివ్వనిదీ వేరేవాళ్లు. ఒప్పుకోలు రాయాల్సింది మాత్రం మేము.

నథానియల్ హాథార్న్ ‘ద హౌస్ ఆఫ్ ద సెవెన్ గేబుల్స్’ (1851) నాకు నచ్చేది ఇక్కడే. 1692 నాటి సేలం మంత్రగత్తెల విచారణల్లో జడ్జిగా కూచున్న జాన్ హాథార్న్ ఇతని ముత్తాతల్లో ఒకడు. ఆ సిగ్గుని మనవడు నవలగా మార్చాడు. కల్నల్ పింఛన్‌కి మాథ్యూ మౌల్ అనే పేదవాడి స్థలం మీద కన్ను పడుతుంది. మౌల్‌ని మంత్రగాడని ఉరి తీయిస్తారు. అతను చస్తూ కల్నల్‌ని శపిస్తాడు. అదే స్థలంలో కట్టిన ఇంట్లో కల్నల్ గొంతులో రక్తంతో చచ్చిపడి ఉంటాడు. తర్వాతి తరాల్లోనూ అలాంటి చావులే. హాథార్న్ ఇక్కడ తెలివిగా రెండు దార్లూ తెరిచి ఉంచుతాడు: అది శాపమే కావచ్చు, వంశంలో వచ్చే జబ్బూ కావచ్చు. కానీ ఒక సంగతి మాత్రం గట్టిగా పట్టుకుంటాడు. శాపం తగిలింది దోచుకున్నవాడి ఇంటికి. తరాల వెంట నడిచొచ్చేది ఏ దయ్యమో కాదు, ఇల్లూ, ఆస్తీ, అవి ఎలా వచ్చాయో అడక్కపోవడమూ.

అంత రాసినవాడు చివర్లో జారిపోతాడు. మౌల్ వంశపు కుర్రాడు పింఛన్ వంశపు అమ్మాయిని పెళ్లాడతాడు, అందరూ కలిసి చచ్చిపోయిన జడ్జి పింఛన్ గారి తోట బంగళాకి మారిపోతారు. పాత ఇల్లు వదిలేశారు, డబ్బు మాత్రం వదల్లేదు. శాపం తీరిందని మనం నమ్మాలి. నాకు నమ్మకం కుదరలేదు.

నూరేళ్ల తర్వాత, 1952లో, జాన్ స్టైన్‌బెక్ ‘ఈస్ట్ ఆఫ్ ఈడెన్’లో ప్రశ్నని ఆస్తి మీంచి రక్తం మీదికి తెచ్చాడు. ట్రాస్క్ ఇంట్లో కయీను కథ రెండు తరాల్లో తిరిగి జరుగుతుంది. తండ్రి ఒక కొడుకు కానుక తీసుకుంటాడు, ఇంకొకడిది కాదంటాడు. ఆదికాండం 4:7లో దేవుడు కయీనుతో పాపాన్ని గురించి అన్న ఒక్క హీబ్రూ క్రియ కోసం, శాన్‌ఫ్రాన్సిస్కోలోని ముసలి చైనా పండితులు రెండేళ్లు హీబ్రూ నేర్చుకుంటారు. ఒక అనువాదంలో అది వాగ్దానం, ఇంకోదాంట్లో ఆజ్ఞ. వాళ్లు తేల్చింది మూడోది: నువ్వు గెలవచ్చు, గెలవకపోనూవచ్చు. నవల ఆ మాటని ‘టిమ్‌షెల్’ అని రాస్తుంది.

మన తెలుగు బైబిల్లో ఏముందా అని తీసి చూశాను. అక్కడ ఉన్న క్రియ ‘ఏలుదువు’. ఇప్పటి మాటల్లో ‘ఏలుతావు’. ఆ పండితులు రెండేళ్లు కష్టపడి విడదీసిన మూడు అర్థాల్నీ మన క్రియ ఒక్కటే మోస్తుంది. ‘రేపు వచ్చి సంతకం పెడతావు’ అంటే ఆజ్ఞ. పరీక్ష రోజున అమ్మ ‘నువ్వు రాస్తావురా’ అంటే ధైర్యం. ‘ఈత కొడతావా’ అంటే చేతనవునా అని. వినేవాడికి ఏది వినబడుతుందన్నది, అనేవాడు ఏ గొంతుతో అంటున్నాడన్న దాని మీద ఉంటుంది.

నవలలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు అంత పెద్ద ఘట్టం కాదు. వేశ్యాగృహం నడిపే తల్లి రక్తం తనలో ఉంది కాబట్టి తనింతేనని క్యాల్ అంటే, వంటవాడు లీ ఒక్కసారిగా కసురుకుంటాడు. పుట్టుక మీదికి నెట్టేయడం మరీ సులువైన పని అంటాడు. నా ఉద్యోగం భాషలో చెప్పాలంటే, గిట్ బ్లేమ్ కొడితే ఆ లైన్ ఎవరు రాశారో తెలుస్తుంది. సరిచేయాల్సింది మాత్రం ఇవాళ ఆ కోడ్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లే.

ఆ పోలిక రాసి నాకు నేనే అడ్డం పడ్డాను. అన్నయ్య ఒకసారి నాతో అన్నాడు, ‘నేనేం ఎంచుకోలేదురా’ అని. ఎంపిక గురించి స్టైన్‌బెక్ అంత నమ్మకంగా రాస్తాడు కానీ, క్యాల్ తల్లి క్యాథీకి ఆ ఎంపికే ఇవ్వడు. కొందరు రాక్షసులుగానే పుడతారని ముందే తేల్చేస్తాడు. కొన్ని అధ్యాయాల తర్వాత ఆ మాట మీద తనకే అనుమానం వస్తుంది కానీ, కథ మాత్రం ఆమె పట్ల మెత్తబడదు. ‘ఏలుదువు’ అన్న మాట అందరికీ కాదన్నమాట. ఇది నవలకి పెద్ద లోపం. శాపం ఫారంలో ఉన్న లోపం కూడా దాదాపు ఇదే: మనిషిని చూడకముందే గడి నింపేయడం.

అయితే ముగింపు దగ్గర స్టైన్‌బెక్ నన్ను గెలిచాడు. యుద్ధంలో ఒక కొడుకు పోయాడు. తండ్రి ఆడమ్ పక్షవాతంతో మంచం మీద ఉన్నాడు. తప్పంతా తనదేనని రెండోవాడు క్యాల్ నలిగిపోతున్నాడు. స్వేచ్ఛ ఉందని క్యాల్‌కి తెలుసు, లీ చాలాసార్లు చెప్పాడు. అయినా అది చాలలేదు. ఎవడి కాదనడంతో ఇదంతా మొదలైందో ఆ తండ్రి నోటి నుంచి ఆ మాట రావాలి. లీ బతిమాలతాడు, ఆడమ్ అతి కష్టం మీద ఆ ఒక్క మాట పలుకుతాడు. ఎంచుకునే శక్తి లోపల ఉన్నా, నీకు అది ఉందని ఇంకొకరు చెప్పాల్సి వస్తుంది. శాపం నుంచి విడుదల అన్నదానికి నాకు ఒప్పుదలైన అర్థం ఇదొక్కటే. ఆ రోజు మందిరంలో అన్నయ్య తల మీద చెయ్యి పెట్టి ఏడ్చినవాళ్లు కూడా, ఫారంతో పని లేకుండా, బహుశా ఇదే చేస్తున్నారు.

చివరి గడి ఖాళీగా వదిలేసి ఫారం ఇచ్చేశాను. అత్త చూసింది, ఏమీ అనలేదు. అన్నయ్య ఇప్పుడు రెండోసారి డీ-అడిక్షన్ సెంటర్లో ఉన్నాడు. మా నాన్న ఈ మాట అనకుండానే పోయాడు కాబట్టి, మొన్న ఆదివారం వెళ్లినప్పుడు నేనే అన్నాను, ‘మానేస్తావన్నయ్యా’ అని. అది ఆజ్ఞా, ధైర్యమా, చేతనవునన్న నమ్మకమా అని అతను అడగలేదు. అడిగుంటే నేనూ చెప్పలేకపోయేవాణ్ణి.