402 మీటర్ల కోసం దించిన బండి

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక చాలా దేశాల్లో రన్‌వేలు పనిలేక మిగిలిపోయాయి. కాలిఫోర్నియా కుర్రాళ్లు వాటి మీదికి తమ బళ్లు తెచ్చి పందేలు కట్టడం మొదలుపెట్టారు. 1950లో అక్కడి శాంటా ఆనా విమానాశ్రయంలో టిక్కెట్టు పెట్టి నడిపిన పందేలతో డ్రాగ్ రేసింగ్ ఒక దారిన పడింది. మరుసటి ఏడాదే ఎన్‌హెచ్‌ఆర్‌ఏ అనే సంఘం ఏర్పడి నియమాలు రాసింది. మద్రాసు పక్కనే ఉన్న షోలవరంలోనూ దశాబ్దాల పాటు మోటారు పందేలు జరిగింది యుద్ధకాలపు రన్‌వే మీదే. అలాంటి రన్‌వే ఒకటి మా తాడేపల్లిగూడెంలోనూ వేశారు.

డ్రాగ్ పందెంలో మలుపులుండవు. రెండు బళ్లు పక్కపక్కన నిలబడి, దీపం వెలగగానే తిన్నగా పావు మైలు, అంటే 402 మీటర్లు దూసుకుపోతాయి. పందెం కోసం బండిని నేలకు దించే విద్య ఈ మలుపు లేని దారిలోంచే వచ్చింది. ఇప్పుడు అత్తిలి, తణుకు, గూడెం సెంటర్లలో కిందికి దించిన స్పోర్ట్స్ బైకులు చూస్తుంటే నాకు సంతోషమూ బెంగా రెండూ కలుగుతాయి. బండి దించడం లెక్కతో, టేపుతో చేసే పని. ఆ లెక్క తెలిసి చేయిస్తున్నవాళ్లు తక్కువ.

బండి ముందుకు దూకినప్పుడు బరువు వెనక్కి పోతుంది. వెనుక బరువెక్కువైన ఎడ్లబండికి కాడి పైకి లేచినట్టే ముందు చక్రం లేస్తుంది. లేచిందంటే నడిపేవాడు థ్రాటిల్ తగ్గించక తప్పదు, తగ్గిస్తే పందెం చేజారినట్టే. ఇంజిన్‌లో 190 గుర్రాల బలం ఉన్నా, ముందు చక్రం ఒప్పుకున్నంతే వాడుకోగలం. ఆ హద్దు ఎక్కడుందో తేల్చడానికి, బరువు కేంద్రం వెనుక చక్రానికి ఎంత ముందుందో ఆ దూరాన్ని, నేలకు ఎంత ఎత్తులో ఉందో ఆ ఎత్తుతో భాగిస్తే చాలు. హయబూసా లాంటి బండికి రెండు చక్రాల మధ్య దూరం 1480 మిల్లీమీటర్లు. మనిషితో కలిపి బరువు సరిగ్గా మధ్యలో, 660 మిల్లీమీటర్ల ఎత్తున ఉందనుకుందాం. 740ని 660తో భాగిస్తే 1.12 వస్తుంది. భూమి కిందికి లాగే త్వరణానికి అన్ని రెట్లు మించి బండి వేగం పుంజుకుంటే ముందు చక్రం గాల్లో ఉంటుంది. బండిని 75 మిల్లీమీటర్లు దించితే అదే హద్దు 1.26 దాటుతుంది. దానికి తోడు వెనుక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్‌ను 150 మిల్లీమీటర్లు పొడిగిస్తే 1.52 అవుతుంది. ఇంజిన్ మీద ఒక్క రూపాయి పెట్టకుండానే ఇంత లాభం. అమెరికాలో స్ట్రీట్ బైకుల పందెగాళ్లు పొడవాటి, నేలబారు హయబూసాలను తయారు చేసుకున్నది ఇందుకే. 1999లో ఆ బండి రావడంతో ఈ విద్యకు కొత్త ఊపిరి వచ్చింది.

వెనుక భాగం దించడానికి షాకబ్జర్ కింద ఉండే లింకు ప్లేట్లు మారుస్తారు. ఎముక ఆకారంలో ఉంటాయి కాబట్టి వీటికి డాగ్‌బోన్ అని పేరు. పొడవు లింకు వేస్తే వెనుక దిగుతుంది. లింకు పెరిగిన కొద్ది మిల్లీమీటర్లకు చక్రం దగ్గర అంతకు కొన్ని రెట్ల తేడా వస్తుంది, అది ఏ మోడల్‌కు ఆ మోడల్‌దే. పని తెలిసిన మెకానిక్ చేయి ఎక్కడ తెలుస్తుందంటే, లింకు బోల్టు విప్పే ముందు. మామూలు పాడాక్ స్టాండు స్వింగ్ ఆర్మ్ కింద ఆనుకుని ఉంటుంది. ఆ ఆధారంతోనే బోల్టు లాగేస్తే ఫ్రేము ఒక్కసారిగా చక్రం మీదికి కూలుతుంది. అందుకని అతను ముందు ఫుట్‌రెస్టులు బిగించిన బ్రాకెట్ల కింద దిమ్మలు పెడతాడు, లేదా షెడ్డు దూలానికి బెల్టు వేసి వెనుక ఫ్రేమును వేలాడదీస్తాడు. చక్రాన్ని చేత్తో కొంచెం లేపి బోల్టు మీద బరువు లేదని చూసుకున్నాకే దాన్ని బయటికి తోస్తాడు. సుత్తితో కొట్టాల్సి వచ్చిందంటే బరువు ఇంకా దాని మీదే ఉన్నట్టు.

ముందు భాగానికి ఫోర్కులను పట్టుకునే క్లాంపులు వదులు చేసి గొట్టాలను పైకి జరుపుతారు. జరిపే ముందు గొట్టం మీద మార్కరుతో గీత గీయాలి, రెండు వైపులా ఒకే కొలత ఉండాలి. తర్వాత ఫోర్కు గొట్టానికి ప్లాస్టిక్ టై ఒకటి బిగించి, గట్టిగా బ్రేకు వేసి చూస్తే అది ఎంతవరకు జరిగిందో కనిపిస్తుంది. పూర్తిగా అణిగినప్పుడు టైరు రేడియేటర్‌కో ఫెయిరింగ్‌కో తగలకూడదు. ముందూ వెనుకా కలిపి దించాలన్నది అసలు సూత్రం. 1480 మిల్లీమీటర్ల బండికి వెనుక మాత్రమే 25 మిల్లీమీటర్లు దిగితే ముందు ఫోర్కు దాదాపు ఒక డిగ్రీ వాలిపోతుంది, హ్యాండిల్ బరువెక్కుతుంది. ముందు మాత్రమే దిగితే ఫోర్కు నిటారై, వేగంలో హ్యాండిల్ వణకడం మొదలవుతుంది.

ఇక్కడితో అయిపోలేదు. సైడ్ స్టాండు పొడవు తగ్గించకపోతే బండి నిటారుగా నిలబడి, చిన్న గాలికే అవతలి పక్కకి పడుతుంది. చైను బిగువును మనిషి కూర్చున్నాక చూడాలి. గేర్ల పక్కన ఉండే చిన్న పళ్లచక్రం, స్వింగ్ ఆర్మ్ ఇరుసు, వెనుక చక్రపు ఇరుసు, ఈ మూడూ ఒకే గీతలోకి వచ్చినప్పుడు చైను అన్నిటికంటే బిగుస్తుంది, అప్పుడూ కొంత వదులుండాలి. స్వింగ్ ఆర్మ్ పొడిగిస్తే షాకబ్జర్ మీద మోపు పెరుగుతుంది, స్ప్రింగు గట్టిది వేయకపోతే వెనుక ఇంకా కుంగుతుంది.

మా పల్లెల్లో చాలా షెడ్లలో జరిగేది వేరు. స్ప్రింగును గ్రైండర్‌తో కోసేస్తారు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. చుట్లు తగ్గిన స్ప్రింగు మెత్తబడదు, గట్టిపడుతుంది. గుంటలో చక్రం కిందికి దిగినప్పుడు తన చోట నుంచి వదులైపోతుంది కూడా. 1985లో వచ్చిన ఆర్‌ఎక్స్ 100లను ఇప్పటికీ ప్రాణంగా చూసుకునేవాళ్లు గోదావరి జిల్లాల్లో ఇంటింటా ఉన్నారు. అలాంటి బండికి షాకబ్జర్లు కోసి పొట్టివి చేయడం దాన్ని పాడు చేయడమే. పైగా 100, 150 సీసీ ఇంజిన్లు మన లెక్కలోని హద్దు దరిదాపులకు కూడా లాగలేవు. క్లచ్ టక్కున వదిలితే ముందు చక్రం లేవడం చేతి తొందర వల్ల జరిగేది, దానికి బండి ఎత్తు దించి లాభం లేదు.

పెద్ద బండికైనా మన రోడ్ల మీద ఆ లాభం దక్కదు. డ్రాగ్ ట్రాకు మీద జిగురు చల్లి టైరు అంటుకునేలా చేస్తారు. అత్తిలి చుట్టుపక్కల దాళ్వా కోతలయ్యాక సగం రోడ్డు ఆరబోసిన ధాన్యానిదే. కొల్లేరు వైపు చేపల లారీల నుంచి కారిన నీళ్లు తారు మీద జారుడు పొర కడతాయి. అక్కడ ముందు చక్రం లేచేలోపే వెనుక చక్రం తిరిగిపోతుంది. ఇక స్పీడ్ బ్రేకర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలత 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. అలా కడితే రెండు చక్రాలూ ఒకేసారి దాని మీద ఉంటాయి, బండి పొట్ట కింద ఉబ్బు 16 మిల్లీమీటర్లు దాటదు. 125 మిల్లీమీటర్ల క్లియరెన్సు ఉన్న హయబూసాను సగం దించినా గీసుకోకుండా దాటుతుంది. కానీ ఊరి మొగలో ఎవరికి వారు సిమెంటుతో పోసుకున్న సన్నటి దిమ్మ మొత్తంగా రెండు చక్రాల మధ్యలోకి వస్తుంది. దించిన బండికి ఇంజిన్ ఆయిల్ ప్యాన్ పగిలేది అక్కడే.

వీధిలో బండి దించడానికి న్యాయమైన కారణం ఒక్కటే కనిపిస్తుంది నాకు, కాళ్లు నేలకు ఆనడం. ఆర్15 సీటు ఎత్తు 815 మిల్లీమీటర్లు. ఐదడుగుల పైన కొంచెం ఉన్న అమ్మాయికి, బక్కపలచటి కుర్రాడికి సిగ్నల్ దగ్గర మునివేళ్లే ఆనుతాయి. కాలువ గట్టు మీద ఎదురుగా ట్రాక్టరు వచ్చి ఆగాల్సి వస్తే అవతల వాలు, కాలికి నేల అందదు. అలాంటివాళ్లు ముందు సీటు ఫోము చెక్కించుకుని చూడాలి. చాలకపోతే ముందూ వెనుకా సమానంగా 20, 25 మిల్లీమీటర్లు దించుకుంటే బండి నడత పెద్దగా మారదు. మలుపుల్లో ఫుట్‌రెస్టు ముందే నేలకు తగులుతుందన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

చట్టం సంగతి దాచడానికి లేదు. తయారీదారు ఇచ్చిన రూపాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్ని గట్టిగా సమర్థించింది. రోడ్డు మీద పందెం కడితే మొదటిసారికే మూడు నెలల వరకు జైలు, లేదా ఐదు వేల వరకు జరిమానా, లేదా రెండూ. జాతీయ రహదారి మీద రాత్రిపూట పందేలు కట్టే కుర్రాళ్లకు ఈ మాట చెప్పి ఊరుకుంటే సరిపోదు, పరుగెత్తడానికి చోటు చూపించాలి. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ ట్రాకు మీద జాతీయ డ్రాగ్ పోటీలు జరుగుతున్నాయి. బెంగళూరు వాడైన హేమంత్ ముద్దప్ప అందులో మళ్లీ మళ్లీ ఛాంపియన్ అయ్యాడు. మన డెల్టాలో వాడుకలో లేని రన్‌వే లాంటి తిన్నటి నేల ఎక్కడ మిగిలి ఉన్నా, కంచె, అంబులెన్సు, టైమింగ్ పరికరాలు పెట్టి ఏడాదికి ఒక్క వారాంతం నడిపించినా గూడెం నుంచి భీమవరం దాకా ఉన్న మెకానిక్‌లకు, కుర్రాళ్లకు అదే బడి అవుతుంది.

అలాంటి పోటీకి పోయేవాడు బండిని నడుపుకుంటూ కాకుండా వ్యానులో వేసుకుని వెళ్లాలి. కంపెనీ లింకులు, పాత బోల్టులు సంచిలో ఉంచుకోవాలి. ముందు ఫోర్కును అణిచి పట్టే బెల్టును బయలుదేరే గీత దగ్గరే బిగించి, పరుగు అయ్యాక వెనక్కి తిరిగే ముందే వదులు చేయాలి. అది బిగించి ఉన్నంతసేపు ముందు సస్పెన్షన్‌కు పైకి లేచే వీలు లేదు, చిన్న గతుకు తగిలినా హ్యాండిల్ చేతిలో నిలవదు.