ట్యాంకులో ఎంత ఉంది?

2025 ఫిబ్రవరి చివర్లో బహ్రెయిన్‌లో మూడు రోజుల ఫార్ములా వన్ టెస్టింగ్ ముగిసేసరికి పట్టికలో అందరికన్నా పైనున్న పేరు కార్లోస్ సైంజ్. విలియమ్స్ కారు, 1 నిమిషం 29.348 సెకన్లు. క్రీడల పేజీ తిరగేసి ఊరుకునేవాళ్లకు కథ అక్కడితో సరి. కోరుకొండలో గోకవరం రోడ్డు మీద ట్రాక్టర్ల షెడ్డు దగ్గర చేరే మా వాళ్లలో మాత్రం ఆ రాత్రి విలియమ్స్ ఊసే లేదు. రెండో రోజు మెక్‌లారెన్ కారులో లాండో నోరిస్ ఆపకుండా తిరిగిన ల్యాపుల మీదే అందరి వాదనా. డిసెంబరు వచ్చేసరికి నోరిస్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు, జట్ల టైటిల్ మెక్‌లారెన్‌కి పోయింది. విలియమ్స్ ఐదో స్థానంలో నిలిచింది. ఆ జట్టు అంతకుముందు పడ్డ అవస్థలు చూసినవాళ్లకు అదే పెద్ద సంగతి.

పట్టిక చెప్పని మాటను పట్టికలోంచే బయటికి లాగే ఆ పనితనం గురించి చెప్పాలని ఎప్పటినుంచో ఉంది. కార్లు తయారుచేసేవాళ్ల నేర్పు గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. దూరాన కూర్చుని ఆ కార్లను చదివే అభిమాని నేర్పు గురించి రాసేవాళ్లు తక్కువ.

లక్ష్మీనరసింహస్వామి కల్యాణానికి ఊరు సిద్ధమయ్యే ఫాల్గుణం కంటే కాస్త ముందే మాకు ఈ సీజన్ మొదలవుతుంది. బహ్రెయిన్‌లో ఉదయం పది అంటే మనకు మధ్యాహ్నం పన్నెండున్నర. అక్కడ చీకటి పడ్డాక ఆఖరి కారు లోపలికి పోయేటప్పటికి మనకు రాత్రి తొమ్మిదిన్నర. రేసులో అయితే ఎవరు ముందో కంటికే తెలుస్తుంది. టెస్టింగ్‌లో గెలిస్తే పాయింట్లు రావు, కప్పు రాదు. కాబట్టి ప్రతి జట్టూ తన బలాన్ని ఎదుటివాడి కంట పడనీయకుండా తిరుగుతుంది. పెట్రోలు ఎంత పోసిందో చెప్పదు. ఇంజిన్‌ని పూర్తిగా వదిలిందో, బిగబట్టి నడిపిందో అదీ చెప్పదు. మనకు దొరికేవి ల్యాప్ టైమ్, టైరు మీది రంగు గీత, తిరిగిన ల్యాపుల సంఖ్య, టీవీలో కనిపించే బొమ్మ. అంతే.

ఇందులో పెట్రోలు దాపరికం ఎంత పెద్దదో ఒక్క లెక్కతో తెలుస్తుంది. పది కిలోల పెట్రోలు ఎక్కువుంటే ల్యాప్‌కి సుమారు 0.3 సెకను ఆలస్యమవుతుంది. 2025 దాకా రేసుకి 110 కిలోల వరకూ వాడుకోనిచ్చేవారు. అంటే నిండు ట్యాంకుకీ అడుగంటిన ట్యాంకుకీ మధ్య మూడు సెకన్ల తేడా. మొదటి జట్టుకీ ఆఖరి జట్టుకీ మధ్య అసలు వేగంలో ఉండే తేడా ఒక్కోసారి అందులో సగం కూడా ఉండదు. అలాంటప్పుడు మనం తేల్చాల్సిన తేడాకన్నా మనకు తెలియని తేడాయే పెద్దదన్నమాట. అందుకే మా షెడ్డులో ఎవరు ఏ టైమ్ చదివినా వెంటనే ఇంకొకరు అడిగే మాట ఒకటే: "ఆయ్, ట్యాంకులో ఎంత పోశారో అది చెప్పండి ముందు!" సంతలో ఎడ్లు కొనే రైతు ఖాళీ కాడితో పరుగెత్తించి బేరం తేల్చుకోడు, బరువు బండి కట్టించి నడక చూస్తాడు. ఈ చదువరుల చూపు కూడా బరువు బండి మీదే.

ఆ బరువుని పట్టుకునే తీరు దగ్గర్నుంచి చూడాలి. మా బృందంలో ఇంజినీరింగ్ చదివే కుర్రాడి నోటుపుస్తకంలో ఒక్కో కారు ఒక్కో పరుగుకి ఒక్కో పేజీ. ఎడమ వైపు ల్యాపు నంబరు, పక్కన టైమ్, ఆ పక్కన టైరు. కుడి అంచున ఎర్ర సిరాతో చిన్న గీతలుంటాయి. కారు పిట్‌లోకి వచ్చి టైర్లు మార్చుకుని అటునుంచి అటే వెళ్లిపోతే గీత ఉండదు. మెకానిక్కులు దాన్ని వెనక్కి నెట్టి గ్యారేజీలోపలికి తీసుకుపోతే ఎర్ర గీత పడుతుంది. పెట్రోలు పోయడం ఆ గోడల మధ్యే జరుగుతుంది కాబట్టి, గీత పడ్డాక ముందటి లెక్క చెల్లదు. రేసు మధ్యలో పెట్రోలు నింపడాన్ని 2010 నుంచి నిషేధించారు. అందువల్ల రేసుని అచ్చంగా అభ్యాసం చెయ్యాలనుకున్న జట్టు కూడా మొత్తం పెట్రోలు ముందే మోసుకుని బయల్దేరాలి. బహ్రెయిన్ రేసు 57 ల్యాపులు. ఎర్ర గీత ఒక్కటీ లేకుండా ఒక కారు 57 ల్యాపులు పూర్తి చేసిందంటే అది ఎంత బరువుతో మొదలైందో చెప్పేసినట్టే. ఎంత పెద్ద జట్టయినా ఇక్కడ దాచుకోలేదు. రేసు అభ్యాసం కావాలి, గుట్టూ నిలవాలి అంటే కుదరదు.

ఇక అసలు లెక్క. 2025 దాకా ల్యాప్‌కి దాదాపు రెండు కిలోల పెట్రోలు ఖర్చయ్యేది, ఆ మేరకు కారు తేలికపడి ల్యాప్‌కి సుమారు 0.06 సెకను వేగం పుంజుకోవాల్సి ఉండేది. మొదటి ల్యాప్ 1:36.0, పదిహేనో ల్యాప్ కూడా 1:36.0 అనుకుందాం. టైమ్ కదల్లేదు కదా, టైర్లు అరగలేదేమో అనిపిస్తుంది. కానీ బరువు తగ్గినందుకు రావలసిన 0.8 సెకను రాలేదు, దాన్ని టైర్లు తినేశాయి. పక్క కారు అదే పదిహేను ల్యాపుల్లో 1:36.0 నుంచి 1:36.8కి జారిందనుకోండి. పైకి కనిపించే నష్టం 0.8, లోపలి నష్టం 1.6. టైర్ల అరుగుదల రెట్టింపు! ఇలాంటి రెండు పేజీలు పక్కపక్కన పెట్టి చూసిన వాళ్లకే నోరిస్ ఆ రోజు చేసిన పని విలువ తెలిసింది. మిగతా కార్లు టైర్లు వేడెక్కి జారుతున్న దశలో కూడా మెక్‌లారెన్ నిలకడగా వెళ్లింది. ఆ ఏడాది పొడుగునా ఆ కారు బలం టైర్లని కాపాడుకోవడంలోనే ఉంది.

షెడ్డు నడిపే పెద్దాయన్ని అందరూ బాబాయ్ అంటారు. ఆయన అంకెల జోలికి పోడు. ఫోన్లో వీడియో ఆపించి ముందు టైరు మీద వేలు పెడతాడు. రబ్బరు ఉండలు కట్టినట్టు కనిపిస్తే ఆ కారు ముందు చక్రాలు మలుపులో పట్టు దొరక్క జారుతున్నాయని అర్థం.

"అది కాదు బాబాయ్, ఫెరారీ రెండో ల్యాపులోనే దీన్ని కొట్టేసింది కదా?" అన్నాడు కుర్రాడు ఒకసారి.

"కొత్త టైరు మీద ఎవడైనా కొడతాడ్రా. పన్నెండో ల్యాపు చెప్పు."

ఇద్దరూ పట్టుకున్నది ఒకే సత్యం. ఒకడు పెన్నుతో, ఒకాయన కన్నుతో.

కన్నుతో పట్టుకోవలసినవి ఇంకా ఉన్నాయి. పొద్దున పూట కార్ల రెక్కల మీద పచ్చగానో నారింజగానో ఒలికినట్టుండే రంగుని ఫ్లో విజ్ అంటారు. పలచటి నూనెలో మెరిసే పొడి కలిపి, కారు కదలబోయే ముందు బ్రష్షుతో పూస్తారు. కారు వేగం అందుకోగానే గాలి ఆ రంగుని ఈడ్చుకుపోతుంది, నూనె ఆరిపోయి గీతలు మిగులుతాయి. గీతలు దువ్వినట్టు సాఫీగా ఉంటే గాలి ఒంటిని అంటుకుని పోతున్నట్టు. ఒకచోట రంగు చెదిరి, వెనక్కి తిరిగి, ముద్ద కట్టిందంటే అక్కడ గాలి విడిపోతోంది, కారుని నేలకి అదిమే బలం అక్కడ కారిపోతోంది. ముందు చక్రాల వెనక కంచెలా నిలబెట్టే సన్నటి గొట్టాల చట్రాలు కూడా గాలి ఒత్తిడి కొలవడానికే. ఆ కంచె కట్టుకుని తిన్నని దారిలో ఒకే వేగంతో పోయే కారు ల్యాప్ టైమ్‌కి విలువ లేదు, దాన్ని నోటుపుస్తకంలోంచి కొట్టేయాలి. ఆఖరి రోజున కూడా ఆ కంచె విప్పని జట్టుని చూస్తే మా వాళ్లు కనుబొమలు ఎగరేస్తారు. కంప్యూటరు చెప్పినదానికీ ట్రాక్ మీద జరిగేదానికీ పొంతన కుదరలేదేమోనని. 2022 మార్చిలో మెర్సిడెస్ పక్క భాగాలన్నీ కోసేసినంత సన్నటి కారుతో బహ్రెయిన్ వచ్చినప్పుడు లోకమంతా ఆ అందం చూసి నోరెళ్లబెట్టింది. తిన్నని దారిలో అది గెంతుతున్న గెంతు చూసినవాళ్లు మాత్రం అప్పుడే పెదవి విరిచారు. ఆ ఏడాది ఆ జట్టు గెలిచింది ఒక్క బ్రెజిల్ రేసే.

కన్ను పని అంకెలకన్నా ముందు జరిగిపోయిన సందర్భం 2020 ఫిబ్రవరిలో బార్సిలోనాలో వచ్చింది. లూయిస్ హామిల్టన్ తిన్నని దారిలోకి రాగానే స్టీరింగ్‌ని తనవైపు లాక్కుంటున్నాడు, మలుపు ముందు మళ్లీ తోసేస్తున్నాడు. కారు మీది కెమెరాలో అది చూసిన ఎవరికైనా ముందు చక్రాల ముక్కులు కాస్త అటూ ఇటూ తిరగడం కూడా కనిపించింది. చక్రాల కోణాన్ని నడుస్తూండగానే మార్చి, ముందు టైర్ల వేడిని చెప్పుచేతల్లో ఉంచుకునే ఏర్పాటు అది. జట్టు నోరు విప్పకముందే ఇళ్లల్లో కూర్చున్నవాళ్లు బొమ్మలు గీసి వివరించేశారు. 2021 నుంచి దాన్ని నిషేధించారు. ఆ పరికరం చేసినవాళ్ల మేధకి ఎంత దండం పెట్టినా తక్కువే, దాన్ని అంత త్వరగా విప్పిచెప్పినవాళ్లకూ అందులో వాటా ఇవ్వాలి.

ఈ చదువు తప్పే సందర్భాలు కూడా ఉన్నాయి. 2009 మార్చిలో, హోండా వదిలేసి పోయిన జట్టు బ్రాన్ పేరుతో దాదాపు ప్రకటనలే లేని తెల్ల కారుని టెస్టింగ్ చివర్లో తెచ్చి అందరినీ మించిపోతే, ప్రకటనకర్తల కోసం తేలిక ట్యాంకుతో వేసిన వేషం అన్నవాళ్లు చాలామంది. మొదటి ఏడు రేసుల్లో ఆరింటిని జెన్సన్ బటన్ గెలిచాక ఎవరూ మాట్లాడలేదు. 2019లో ఇంకో తీరు. బార్సిలోనాలో వెటెల్ ఫెరారీకీ హామిల్టన్ మెర్సిడెస్‌కీ తేడా సెకనులో వెయ్యింట మూడు వంతులు. చాలామంది నిపుణులు ఫెరారీదే పైచేయి అన్నారు. మెల్‌బోర్న్‌లో బొటాస్ మెర్సిడెస్ గెలిచింది, వెటెల్ 57 సెకన్ల వెనక నాలుగో స్థానంలో వచ్చాడు. మెర్సిడెస్ రెండో వారానికి కారుని దాదాపు కొత్తగా మార్చి తెచ్చింది కాబట్టి, మొదటి వారం నోట్సు పట్టుకు కూర్చున్నవాళ్లు దెబ్బతిన్నారు. అప్పట్నుంచి మంచి చదువరులు కారు కొత్త భాగం తొడిగిన ప్రతిసారీ కొత్త పేజీ మొదలుపెడతారు.

మన నేల మీద చదువరులకు ఈ పరీక్ష జరిగింది 2023 ఫిబ్రవరి 11న, హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున, కరెంటు కార్ల ఫార్ములా ఈ రేసులో. అంతకు రెండు నెలల ముందు వాలెన్సియా టెస్టింగ్‌లో పట్టిక పైన ఉన్నది మజరాటి కారులో మాక్సిమిలియన్ గుంటర్. సీజన్ మొదలయ్యాక తొలి రేసు మెక్సికోలో గెలిచింది పోర్షె మోటారు వాడే ఆండ్రెట్టి జట్టు డ్రైవర్ జేక్ డెనిస్, చివరికి చాంపియనూ అతనే. ఆ సీజన్‌లో గుంటర్ తొలి గెలుపు జూన్‌లో జకార్తా దాకా రాలేదు. కానీ జట్టు పేరు వదిలేసి లోపలి మోటారు ఎవరిదని చూసిన చదువరికి వాలెన్సియా అబద్ధం చెప్పలేదు. మజరాటిలోనూ డీఎస్ పెన్‌స్కేలోనూ ఉన్నది ఒకే కుటుంబపు మోటారు. హైదరాబాద్‌లో గెలిచింది ఆ డీఎస్ పెన్‌స్కే కారే, నడిపింది జాన్ ఎరిక్ వెర్న్.

ఆ గెలుపు ఏ ల్యాప్ పట్టికలోనూ పట్టేది కాదు. ఆ కారు క్వాలిఫయింగ్‌లో 350 కిలోవాట్లు వదులుతుంది, రేసులో మామూలుగా 300కే పరిమితం. వెనక చక్రాలకు మామూలు హైడ్రాలిక్ బ్రేకులు లేవు, మోటారే వేగాన్ని మింగి కరెంటుగా మార్చి బ్యాటరీకి తిరిగిస్తుంది. రేసులో ఖర్చయ్యే శక్తిలో సుమారు 40 శాతం ఇలా వెనక్కి వచ్చేదే. చివరి ల్యాపుల్లో వెర్న్ బ్యాటరీలో వెనక తరుముతున్న నిక్ కాసిడీ కన్నా తక్కువ మిగిలింది. తిన్నని దారి చివర ముందుగానే కాలు ఎత్తాలి, ఎత్తితే వెనకవాడు దూరతాడు. మలుపులోకి దూరే దారిని కారుతోనే మూసేస్తూ, ఎత్తిన ప్రతిసారీ కొంచెం కరెంటు జేబులో వేసుకుంటూ, అర సెకను తేడా కూడా లేకుండా గీత దాటాడు.

ఆ విద్య ఇప్పుడు ఫార్ములా వన్‌కి కూడా కావలసి వచ్చింది. 2026 నిబంధనలతో అక్కడి కారులో ఎలక్ట్రిక్ మోటారు బలం 350 కిలోవాట్లకు పెరిగింది, మొత్తం శక్తిలో దాదాపు సగం అదే. కుర్రాడి నోటుపుస్తకంలో ఎర్ర గీతల పక్కన నీలం సిరాతో ఇంకో వరస చేరింది: తిన్నని దారి చివర ఏ కారు ఎక్కడ వేగం తగ్గించడం మొదలుపెట్టిందో, అంటే బ్యాటరీ ఎక్కడ అడుగంటిందో. పెట్రోలు లెక్క గ్యారేజీ తలుపు చూసి పట్టుకున్నారు. ఈ లెక్కకి ఇంజిన్ మోత వినాలంటున్నాడు బాబాయ్.