గర్భవిచ్ఛిత్తి చట్టములో ఎవరి మాట వినవలెను?

గర్భవిచ్ఛిత్తి మాట వచ్చినపుడు అది పాపమా కాదా అనుటతోనే మన ఆలోచన ఆగిపోవుచున్నది. ఈ విషయమై చట్టము చేయునపుడు ఎవరి మాట వినవలెనను ప్రశ్నను మనము అరుదుగా అడుగుదుము.

మన దేశపు చట్టమును చదివి చూడుడి. 1860 నాటి శిక్షాస్మృతి గర్భస్రావము చేయించినవారిని, తనంతట తాను చేసికొనిన స్త్రీని కూడ నేరస్థులుగా ఎంచెను. దానిని ఆమోదించిన సభలో స్త్రీ యొక్కతెయు లేదు. 2024 జూలై 1 నుండి దాని స్థానమున అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 88వ సెక్షను కూడ ఆ మాటనే నిలిపినది. ఆ నేరమునకు మినహాయింపుగా వచ్చినది 1971 నాటి చట్టము. దాని ముఖ్యవాక్యము స్త్రీకి ఫలాన హక్కు కలదని చెప్పదు. షరతులకు లోబడి పని చేసిన వైద్యుడు నేరస్థుడు కాడని చెప్పును. స్త్రీకి దొరికినది సమ్మతి నిచ్చు అధికారము. అదియు చిన్న సంగతి కాదు. పెండ్లియైన స్త్రీకైనను భర్త సంతకము కావలెనని చట్టము ఎక్కడను చెప్పలేదు. 2021 సవరణ 20 వారముల వరకు ఒక వైద్యుని అభిప్రాయము, కొన్ని తరగతుల స్త్రీలకు 24 వారముల వరకు ఇద్దరి అభిప్రాయము చాలుననెను. అయినను తీర్పరి వైద్యుడే.

2023 అక్టోబరులో 27 ఏండ్ల వివాహిత యొకతె సుప్రీంకోర్టును ఆశ్రయించెను. ఆమె ఇద్దరు బిడ్డల తల్లి; కాన్పు తరువాత వచ్చిన మనోవ్యాధికి మందులు వాడుచుండెను; పాలిచ్చు దినములగుటచేత గర్భము నిలిచిన సంగతి ఆలస్యముగా ఎరిగెను. అప్పటికే 24 వారములు దాటెను. ఒకప్పుడు మన తెలంగాణ హైకోర్టునకు ప్రధాన న్యాయమూర్తిగా నుండిన హిమా కోహ్లీగారును, బి.వి. నాగరత్నగారును 9వ తేదీని అనుమతి నిచ్చిరి. శిశువు బ్రదుకు సూచనలున్నవని ఢిల్లీ ఎయిమ్స్ వైద్యుడు తెలుపగా, 11వ తేదీని వారిద్దరికి భేదము కలిగెను. కోహ్లీగారి మనస్సాక్షి ఒప్పుకొనలేదు. తల్లి నిర్ణయమును గౌరవింపవలెనని నాగరత్నగారు నిలిచిరి. 16వ తేదీని ముగ్గురు పురుషులు కూర్చున్న ధర్మాసనము అనుమతి నిరాకరించెను: గడువు దాటినది, తల్లి ప్రాణమునకు తక్షణాపాయము లేదు, శిశువునకు తీవ్రలోపము లేదు. కాన్పు ఖర్చు ప్రభుత్వము భరించుననియు, బిడ్డను దత్తతకిచ్చుట తలిదండ్రుల ఇష్టమనియు తెలిపెను.

నోరు లేని శిశువు పక్షమున కూడ ఒక మాట వినబడినందుకు నేను సంతోషించుచున్నాను. గర్భములోని బిడ్డ దేవుని చేతిపని యని నమ్మువాడను. కాని చట్టములోని లోపమును దాచను. 24 వారములలోపల తల్లి మనోవేదనను లెక్కించు చట్టము, ఆ గడువు దాటగానే ఆమె ప్రాణమును మాత్రమే లెక్కించుచున్నది. వద్దని చెప్పినవారు కాన్పు ఖర్చు వరకు వచ్చిరి. ఆ తరువాతి రాత్రులు ఆమెవే.

ఇది స్త్రీలు మాత్రమే తీర్చుకొనవలసిన సంగతి యనువారు, ఒకే ధర్మాసనమున కూర్చున్న ఇద్దరు స్త్రీలు రెండు త్రోవల నడచుట గమనింపవలెను. స్త్రీ యైనంత మాత్రమున తీర్పు ముందుగా సిద్ధమై యుండదు. అయినను మోసినవారికి తెలిసినది మోయనివారికి తెలియదు గనుక, వారు తక్కువగా నున్న సభలో విచారణ కొరతపడును. 2024లో లోక్‌సభకు ఎన్నికైన 543 మందిలో స్త్రీలు 74 మందియే.

సెలోపెహాదు కుమార్తెల సంగతి సంఖ్యాకాండము 27వ అధ్యాయములో చదివియున్నారు గదా? ఆ అయిదుగురు స్వాస్థ్యము కొరకు సర్వసమాజము ఎదుట నిలిచి మాటలాడిరి. వారి మాట న్యాయమైనదని దేవుడే చెప్పగా కట్టడ మారెను. అదే గ్రంథము 36వ అధ్యాయములో వారి గోత్రపు పెద్దలు వచ్చి తమ చింత చెప్పుకొనిరి. దానిని కూడ వినిరి. మొదట వినబడినవారు ఆ కట్టడ ఎవరి బ్రదుకును తాకునో వారే. పెద్దల మాట వారి హక్కును కొట్టివేయలేదు, దానికి ఒక హద్దు పెట్టెను. మనకును ఈ క్రమము మంచిదని నాకు తోచుచున్నది: మొదట గర్భవతి, తరువాత దేహస్థితిని ఎరిగిన వైద్యుడు, పిమ్మట శిశువు పక్షమునను సమాజము పక్షమునను మాటలాడువారు.

సంఘమునకు మాటలాడు హక్కు లేదా? కలదు. కాని బిడ్డను కనుమని చెప్పిన సంఘము ఆ బిడ్డకు పాలు, ఆ తల్లికి మందు, పెండ్లి కాని తల్లికి తలదాచుకొను చోటు చూపవలెను. అవి చూపకుండ పంపు వినతిపత్రము ఇతరుల భుజములమీద బరువు మోపుటయే. గనుక ఈ విషయమై మీ సంఘము వినతిపత్రము వ్రాయదలచినయెడల, ముందుగా దానిని స్త్రీల సమాజము చేతికిచ్చి, వారు కొట్టివేసిన మాటలు కొట్టివేయుడి. పిమ్మట దాని క్రింద మీరు ఏ తల్లి ఖర్చు, ఎంతకాలము భరింతురో వ్రాసి సంతకము చేయుడి.