కాలు కాదు, తల చూడు

మా చుక్క మొదటిసారి కుంటింది వినాయక చవితి మర్నాడు. వాకిట్లో వేసిన రొట్టె ముక్క కోసం ఉరికి వస్తూ మధ్యలో ఆగిపోయింది. ఎడమ ముందుకాలు పైకెత్తి, మూడు కాళ్ల మీద నిలబడి మా వైపు చూసింది. ముల్లు దిగిందేమో అనుకున్నాం. వెలిమెలలో తుమ్మ ముళ్లకు ఎన్నడూ కొదవ లేదు. ఇప్పుడు వాటికి తోడు ఎటు చూసినా కట్టడాలే కనుక మేకులు, కట్టుతీగ ముక్కలు, పగిలిన టైల్స్. పాదం తిప్పి, వేళ్ల సందులు విడదీసి, ఫోన్ లైటు వేసి వెతికాం. ముల్లు లేదు, గాయం లేదు. రెండు రోజుల్లో కుంటు దానంతటదే పోయింది. వారం తిరగకముందే మళ్లీ వచ్చింది.

అప్పటికి దానికి ఏడు నెలలు. కొల్లూరు దారిలో, టిప్పర్లు తిరిగే మలుపు దగ్గర మా అబ్బాయికి దొరికిన ఊరకుక్క పిల్ల. నుదుట తెల్ల మచ్చ ఉంది కాబట్టి చుక్క అయింది. అబ్బాయి పాశమైలారంలో కాంట్రాక్టు కార్మికుడు. అతని జీతం, నా రాతలకు వచ్చే నాలుగు రూపాయలు కలిపితే మా ఇల్లు గడుస్తుంది. అందులో కుక్క వైద్యానికని పక్కన పెట్టిన డబ్బు ఏదీ లేదు. ఎవరింట్లో ఉంటుంది?

మూడోసారి కుంటినప్పుడు నగరం వైపు ఒక ప్రైవేటు క్లినిక్‌కు తీసుకెళ్లాం. బల్ల మీద నిలబెట్టి కాలు పూర్తిగా తడిమి చూడకముందే ఎక్స్‌రేలు, స్కానింగు, అవసరమైతే ఆపరేషన్ అని ఒక కాగితం చేతికిచ్చారు. కింద మొత్తం 35 వేలు. అబ్బాయి దాన్ని రెండుసార్లు చదివాడు. "ఆలోచించుకుని వస్తాం సార్" అని లేచాం.

ఆ మాట ఎన్నిసార్లు అనుంటామో! పిల్లల కాలేజీ ఫీజుల దగ్గర, స్థలాల బేరం దగ్గర, ఆసుపత్రి కౌంటర్ దగ్గర అదే మాట. డబ్బు లేదని చెప్పలేక ఆలోచన మీదికి తోసేస్తాం. ఎదుటివాళ్లకూ అది అర్థమవుతుంది, వాళ్లూ తల ఊపుతారు. కానీ ఆ రోజు మేం ఆ మాటతో లేచి వచ్చాక నిజంగా ఆలోచించింది ఏమీ లేదు. చుక్క ఇంకో మూడు వారాలు కుంటింది.

ఆ మూడు వారాల్లోనే ఒక పొరపాటు చేశాం. చెప్పడానికి కష్టంగానే ఉంది, కానీ ఇంకొకరు చేయకుండా ఉండాలంటే చెప్పాలి. అది రాత్రంతా మూలుగుతుంటే మనుషుల మందుల దుకాణంలో అడిగాం. "సగం మాత్ర వేయండి, తగ్గిపోతుంది" అని డైక్లోఫెనాక్ ఇచ్చారు. రెండు పూటలు వేశాం. నిజంగానే లేచి తిరిగింది. మూడో పూటకు వాంతి చేసుకుంది. తెల్లవారి దాని విరేచనం తారులా నల్లగా ఉంది. కడుపులో పుండు పడి రక్తం కారితే అలా వస్తుందని తర్వాత తెలిసింది. పారాసిటమాల్ గానీ, ఐబుప్రొఫెన్ గానీ, డైక్లోఫెనాక్ గానీ, మనకు తేలిగ్గా అరిగే మాత్ర కుక్క కాలేయానికో కిడ్నీకో కడుపుకో గండం కావచ్చు. డైక్లోఫెనాక్ సంగతైతే దేశమంతా చూసింది. ఆ మందు వేసిన పశువు చనిపోతే, దాని కళేబరం తిన్న రాబందుల కిడ్నీలు పాడై అవి 90 శాతానికి పైగా రాలిపోయాయి. 2006లో పశువులకు దాన్ని నిషేధించారు. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను కూడా ఆ జాబితాలో చేర్చారు. పశువు పేరుతో అమ్మకూడదని చట్టం ఉన్న మందు మనిషి పేరుతో కౌంటర్ మీదకొచ్చి మా చుక్క నోట్లోకి వెళ్లింది. వేసింది మా చేతులే.

ఇక మా వీధి చివర ఉండే కురుమ తాత సంగతి. గొర్రెలు అమ్మేసి చాలా ఏళ్లయింది. మేపడానికి ఇప్పుడు ఇక్కడ బీడు ఎక్కడిది? పొద్దున అరుగు మీద కూర్చుని వచ్చేపోయే వాళ్లను చూస్తుంటాడు. చుక్క కాలు పట్టుకుని నేను వంగి కూర్చుంటే ఒకరోజు పిలిచాడు.

"కాలు సూస్తే ఏం దెలుస్తది బిడ్డా? లేపి నడిపియ్యి. తల సూడు."

సీసీ రోడ్డు మీద తాడు వదులుగా పట్టి నడిపించాను. ఆయన దగ్గరికి, మళ్లీ ఆయన నుంచి అవతలికి.

"నొప్పి కాలు భూమికి ఆనంగనే తల మీదికి లేస్తది. మంచి కాలు పడ్డప్పుడు కిందికి దిగుతది. ఆ బరువు దీని మీద పడొద్దని దాని కష్టం."

"వెనక కాలైతే తాతా?"

"తుంటి సూడు. నొప్పి దిక్కుది ఎక్వ ఎగురుతది." కొంచెంసేపు చూసి అన్నాడు. "ఇయ్యాల నువ్వు జెప్పిన కాలు గాదు. కుడిది."

నాకు నమ్మకం కలగలేదు. నెల రోజులుగా ఎడమ కాలు అంటున్నాం. కానీ ఆయన మందలో వందల జీవాల నడక చూసిన మనిషి. పొద్దున మంద కదిలేటప్పుడు తలలన్నీ ఒక వరసలో పోతుంటే వాటిలో ఒక్క తల లయ తప్పినా కంట పడుతుందట. మన భాషలో పశురోగాల పేర్లే చూడండి, గాలికుంటు, జబ్బవాపు, గొంతువాపు. కళ్లతో చూసినవాళ్లు, చేత్తో తడిమినవాళ్లు పెట్టిన పేర్లవి.

ఆ రోజు నుంచి రోజూ ఒకే చోట, ఒకే వేళకు, నిద్ర లేచిన వెంటనే ఒకసారి, సాయంత్రం ఒకసారి నడిపించి ఫోన్‌లో వీడియో తీశాం. ఎదురుగా వస్తున్నది, దూరంగా పోతున్నది, పక్క నుంచి. ఒక నోటు పుస్తకంలో తేదీ, ఏ కాలు, తిన్నదా లేదా రాశాను. పన్నెండు రోజుల పుస్తకం చూస్తే ఏడు రోజులు ఎడమ ముందుకాలు, మూడు రోజులు కుడి ముందుకాలు, రెండు రోజులు కుడి వెనక కాలు. మేం మొదట చూసిన కాలే మా కళ్లలో ఉండిపోయింది. అందుకని ప్రతిరోజూ అదే కనబడింది.

ఆ పుస్తకం పట్టుకుని రాజేంద్రనగర్ వెళ్లాం. పి.వి.నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన కాలేజీ ఆసుపత్రి అక్కడుంది. రింగురోడ్డు ప్రధాన దారి మీదికి ఆటోలను రానివ్వరు కాబట్టి సర్వీసు రోడ్డు పట్టుకుని పోవాలి. పొద్దున బయలుదేరితే ఆ పూట అంతా అక్కడికే. అబ్బాయి ఒక రోజు కూలి పోయింది. అదీ ఖర్చే, లెక్కలో వేసుకోవాలి. కుక్కలు, పిల్లులు, ఒక మేక, టవల్లో చుట్టిన రామచిలుక అన్నీ ఒకే వరసలో ఎదురుచూస్తున్నాయి. చదువుకునే పిల్లలు ముందు వచ్చి వివరాలన్నీ అడిగి రాసుకుంటారు. తొందరలో ఉన్నవాళ్లకు అది విసుగు. కానీ నా పుస్తకాన్ని అంత శ్రద్ధగా చదివింది వాళ్లే.

డాక్టరమ్మ వచ్చాక, ఆమె చెయ్యి వేయకముందే నేను అనుకున్న మాట చెప్పేశాను. "అమ్మా, మా దగ్గర ఇవాళ మూడు వేలు ఉన్నాయి. అందులో ముందు ఏది చేయాలో మీరే చెప్పండి." గొంతు కొంచెం వణికింది. ఆమె మొహంలో ఏ మార్పూ లేదు. "మంచిది, అయితే వరస పెట్టుకుందాం" అంది. ముందు చేత్తో పరీక్ష, అది ఏమీ చెప్పకపోతే రక్తం, దానికీ తేలకపోతే పది రోజులు ఆగి ఎక్స్‌రే, స్కానింగు మాట ఆ తర్వాత. ప్రైవేటు కాగితంలో ఉన్నవే ఇక్కడా ఉన్నాయి. అక్కడ అన్నీ ఒకే రోజు మీద పడ్డాయి, ఇక్కడ మెట్లు మెట్లుగా నిలబడ్డాయి. ఇక్కడ చెప్పిన మాట ఆ ప్రైవేటు క్లినిక్‌లో చెప్పి ఉంటే అక్కడి డాక్టరు కూడా వరస మార్చేవాడేమో. మేం అవకాశం ఇవ్వలేదు.

ఆమె ఒక్కో కీలు మడిచి, చాచి, వేళ్లతో నొక్కి చూసింది. చిన్న వయసు కుక్క కుంటితే అనుమానాలు చాలా ఉంటాయని పిల్లలకు చెబుతూ మాకూ చెప్పింది. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి పెద్ద జాతులకు తుంటి కీలు సరిగా కూర్చోకపోవడం, మోచేతి కీలులో లోపం. పొమరేనియన్ లాంటి చిన్న జాతులకు మోకాలి చిప్ప పక్కకు జారడం. ఎదిగే ఎముకల్లో వచ్చే నొప్పి ఒకటుంది, అది కాలు నుంచి కాలుకు మారుతూ మామూలుగా రెండేళ్ల వయసు వచ్చేలోపు దానంతటదే తగ్గిపోతుంది. వట్టి అన్నం లేదా వట్టి మాంసం పెట్టి పెంచితే కాల్షియం చాలక ఎముకలు మెత్తబడటం కూడా మామూలే. "ఏం పెడుతున్నారు?" అని అడిగింది. పెరుగన్నం అన్నాం. దాన్ని కూడా మార్చమంది.

కాలు మారుతోందని పుస్తకం చెబుతోంది. జ్వరం 104. దవడల కింద గడ్డలు ఉబ్బి ఉన్నాయి. చెవి మడిచి చూస్తే లోపల బూడిద రంగు గింజల్లా గోమార్లు, అదే పిడుదులు. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. గోమార్ల జ్వరం. ఎర్లీకియా అనే సూక్ష్మజీవి గోమారి కాటుతో రక్తంలోకి వచ్చి తెల్లకణాల్లో కాపురం పెడుతుంది. దాంతో శరీరం చేసే పోరాటమే కీళ్లలో వాపుగా దిగుతుంది. ఇవాళ ఈ కీలు, రేపు ఆ కీలు. ఎముకలో ఏమీ లేదు. కాలికి ఆపరేషన్ చేసి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ భయం వేస్తుంది.

మందు డాక్సీసైక్లిన్, 28 రోజులు, తిండి పెట్టాకే. నొప్పి మాత్ర ఇవ్వలేదు. నల్లటి విరేచనం సంగతి చెప్పాం కదా, పుండు మానే దాకా వద్దంది. ఆ రోజు మందులతో కలిపి మా మూడు వేలలో ఇంకా మిగిలాయి.

మూడో రోజు కుంటు లేదు. నాలుగో రోజు చుక్క పక్కింటి కోడి వెంట పడింది. "ఇంకా ఎందుకమ్మా, తగ్గిపోయింది కదా" అన్నాడు అబ్బాయి. మాత్రలు ఇంకా 24 రోజులకు మిగిలే ఉన్నాయి. నాకు మా పక్కనే ఉన్న పటాన్‌చెరు గుర్తొచ్చింది. 2007లో స్వీడన్ పరిశోధకులు అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లు పరీక్షిస్తే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ కనబడింది. దాదాపు 90 మందుల ఫ్యాక్టరీల నీళ్లు చేరిన చోటు అది. మందుకు లొంగని సూక్ష్మజీవులు పుట్టే నేల మీద కాపురం ఉంటున్నాం. సగంలో ఆపడం ఇక్కడ మరీ తప్పు. పుస్తకంలో 28 గళ్లు గీశాను, ఒక్కటీ ఖాళీ పోలేదు.

ఈ నెల రోజుల్లో నన్నయ ఆదిపర్వం మొదట్లో వచ్చే సరమ కథ పదే పదే మనసులో మెదిలింది. అంత మహాభారతం ఒక కుక్కపిల్ల దెబ్బలు తిని ఏడుస్తూ తల్లి దగ్గరికి పోవడంతో కదులుతుంది. జనమేజయుడి యజ్ఞశాలలో అది ఏ తప్పూ చేయలేదు. తల్లి సరమ రాజు ఎదుటికి వచ్చి నిలబడి అడిగింది. చుక్క తరఫున అలా నిలబడి అడగాల్సింది నేను. "ఆలోచించుకుని వస్తాం" అని లేచి వచ్చాను.

వేచి చూడటానికి ఒక హద్దు ఉంది, అది కూడా చెప్పాలి. కాలు అసలు నేలకు ఆనించకపోయినా, వాచినా, వంకర తిరిగినా, జ్వరం ఉన్నా, తిండి మానేసినా ఆ రోజే పోవాలి. ఇవేవీ లేని చిన్న కుంటు అయితే తాడుతో కట్టి, మెట్లు ఎక్కనివ్వకుండా కొన్ని రోజులు విశ్రాంతి ఇవ్వొచ్చు. ఊరకుక్కను కట్టేస్తే గోల చేస్తుంది, చేయనివ్వండి. వీడియో తీయండి, రాసి పెట్టండి.

ఇరవై తొమ్మిదో రోజు పొద్దున తాత అరుగు ముందు నుంచి నడిపించుకుంటూ పోయాను. ఆయన ఏమీ అనలేదు. చుక్క అటు మలుపు దాకా వెళ్లి తిరిగి వచ్చే వరకూ దాని తల వైపే చూశాడు. తర్వాత చాయ్ గ్లాసు ఎత్తుకున్నాడు.

ఈ గోమారి గడ్డిలో కన్నా గోడల్లోనే ఎక్కువ ఉంటుందట. ఆడది గోడ పగుళ్లలో దూరి వేల గుడ్లు పెడుతుంది. కుక్కకు ఎన్ని మందులు పూసినా గోడ వదిలేస్తే మళ్లీ వస్తాయి. అబ్బాయి ఆదివారం పూట వెనక షెడ్డు పగుళ్లన్నీ సిమెంటుతో పూడ్చాడు. రోజూ సాయంత్రం దీపం పెట్టాక చుక్కను ఒళ్లో పడుకోబెట్టుకుని చెవుల లోపల, మెడ కింద, వేళ్ల సందుల్లో వెతుకుతాను. పక్కన గిన్నెలో సబ్బు నీళ్లు ఉంటాయి. నిన్న కుడి చెవిలో రెండు దొరికాయి.