స్త్రీపర్వం లేని కురుక్షేత్రం

భారతం పద్యాలు వింటూ పెరిగినవాళ్ళకి కురుక్షేత్రం ఒక ఊరంటే ఓ పట్టాన నమ్మకం కుదరదు. ఢిల్లీకి దాదాపు 160 కిలోమీటర్ల దూరంలో, హర్యానాలో ఉన్న జిల్లా కేంద్రం అది. రైల్వే స్టేషన్, యూనివర్సిటీ, పరాఠా దుకాణాలు, పక్కనే పాత థానేసర్. యుద్ధం నిజంగా అక్కడ జరిగిందా లేదా అన్న చర్చలోకి నేను వెళ్ళను. జరిగిందనే నమ్మి ఆ ఊరు తనను తాను కట్టుకుంది. నాకు ఆసక్తి కలిగించింది ఆ కట్టుకోవడమే. ఒక ఊరు ఒక గ్రంథాన్ని చదివితే ఏ ఘట్టాలని రాతిలో, కంచులో నిలబెట్టుకుంటుంది? వేటిని వదిలేస్తుంది? తిక్కన స్త్రీపర్వాన్నీ, సంస్కృత మూలాన్నీ సంచిలో పెట్టుకుని రెండు రోజులు తిరిగాను.

బ్రహ్మ సరోవరాన్ని చెరువు అనబుద్ధి కాదు, అంత పెద్దది. సూర్యగ్రహణం నాడు లక్షలమంది అక్కడ మునుగుతారు. 1968లో గుల్జారీలాల్ నందా చొరవతో కురుక్షేత్ర అభివృద్ధి బోర్డు ఏర్పడ్డాక అది ఇప్పటి రూపానికి వచ్చింది. సరోవరం దగ్గరే రామ్ సుతార్ చేసిన కంచు రథం ఉంది. గుర్రాలు దూకుతుంటాయి, కృష్ణుడు వెనక్కి తిరిగి అర్జునుడితో మాట్లాడుతుంటాడు. ఊరికి కాస్త దూరంలో జ్యోతిసర్. అక్కడి మర్రిచెట్టు కిందే గీత చెప్పాడంటారు. పనోరమా భవనంలో గుండ్రటి హాలు మధ్యన నిలబడితే 18 రోజుల యుద్ధమూ చుట్టూ బొమ్మలుగా కనిపిస్తుంది. ప్రతి ఏడూ మార్గశిరంలో గీతా మహోత్సవం జరుగుతుంది, 2016 నుంచి అది అంతర్జాతీయ ఉత్సవం కూడా అయింది. అంటే యుద్ధానికి ముందు మాట్లాడిన మాట ఊరు నిండా ఉంది. యుద్ధం అయిపోయాక అదే నేల మీద, అదే కృష్ణుడితో ఒక ముసలావిడ మాట్లాడిన మాట మాత్రం నాకు ఎక్కడా కనపడలేదు.

కురుక్షేత్రాన్ని దివ్యదృష్టితో చూసినవాళ్ళు ముగ్గురు. సంజయుడికి వ్యాసుడిచ్చాడు. అర్జునుడికి కృష్ణుడిచ్చాడు. మూడో చూపు గాంధారిది, అది ఆమె తపస్సు వల్లా వ్యాసుడి వరం వల్లా వచ్చింది. మొదటి ఇద్దరి సంగతీ అందరికీ తెలుసు. మూడోది ఎందుకో మర్చిపోతాం. పెళ్ళినాటి నుంచీ కళ్ళకి గంతలు కట్టుకున్న మనిషి, గంతలు అలాగే ఉండగా, యుద్ధభూమినంతా చూస్తుంది. అర్జునుడు చూసింది చావబోయేవాళ్ళని. ఈమె చూసింది చచ్చిపోయినవాళ్ళని, వాళ్ళ పక్కన కూలబడ్డ ఆడవాళ్ళని. గీతలో కృష్ణుడు చెబుతాడు, అర్జునుడు వింటాడు. స్త్రీపర్వంలో గాంధారి చెబుతుంది, కృష్ణుడు వింటాడు. గీత 18 అధ్యాయాలు, స్త్రీపర్వం 27. అందులో దాదాపు పది అధ్యాయాలు గాంధారి ఒక్కతే మాట్లాడుతుంది. 'చూడు కృష్ణా, చూడు' అంటూ ఒక్కొక్క శవం దగ్గరికీ అతని చూపుని లాక్కుపోతుంది. గీతలో మొదట అర్జునుడితో 'చూడు' అన్నది కృష్ణుడే. ఆ మాటని గాంధారి అతనికే తిప్పికొడుతోందని నాకు అనిపిస్తుంది.

మరి దీన్ని మనకెలా చెప్పారు? కాలేజీలో స్త్రీపర్వం పద్యాలని మాకు కరుణరసానికి ఉదాహరణలుగా పాఠం చెప్పారు. విభావం ఏది, అనుభావం ఏది, సంచారులు ఎన్ని అని పరీక్షలో అడిగారు. ఇది ఈనాటి అలవాటు కాదు. భూరిశ్రవుడి తెగిన చేతిని ఒళ్ళో పెట్టుకుని అతని భార్య ఏడుస్తుంది. తమ మొలనూలు లాగిందీ, తమ ఒంటిని తడిమిందీ ఆ చెయ్యేనని గుర్తు చేసుకుంటుంది. భర్త శవం దగ్గర ఒకావిడ శరీర స్మృతిని ఇంత సూటిగా చెప్పుకోవడం ప్రపంచ సాహిత్యంలోనే అరుదు. మమ్మటుడు కావ్యప్రకాశంలో ఆ శ్లోకాన్ని తీసుకుని, శృంగారం కరుణానికి అంగమైపోయిన చోటుకి ఉదాహరణగా చూపించాడు. ఆలంకారికుడిగా అతను చేసింది తప్పని అనను. కానీ వందల ఏళ్ళుగా మనం ఆ ఏడుపుని రుచి చూస్తున్నామే గాని, అందులోని అభియోగాన్ని వినడం లేదు. గాంధారిది శోకమే. అయితే మన పల్లెల్లో ఆడవాళ్ళు శవం మీద పడి రాగం తీస్తూ ఏడిచేటప్పుడు ఎవడు ఎవరికేం అన్యాయం చేశాడో పేరు పెట్టి బయటపెడతారే, అలాంటి శోకం. ఇప్పుడు చావింట్లో ఘంటసాల భగవద్గీత పెడుతున్నారు. యుద్ధానికి ముందు చెప్పిన మాట లౌడ్ స్పీకర్‌లో వస్తుంటే, చావు తర్వాత ఆడవాళ్ళు అనే మాట ఎవరికీ వినపడదు.

గాంధారి చివరికి కృష్ణుణ్ణి శపిస్తుంది. ఆపగలిగి ఆపలేదు కాబట్టి 36 ఏళ్ళకి నీ వంశమూ ఇలాగే ఒకళ్ళనొకళ్ళు చంపుకుని పోతుంది, మీ ఆడవాళ్ళూ ఇలాగే ఏడుస్తారు అంటుంది. (శాపంలోనూ దెబ్బ తగిలేది ఆడవాళ్ళకే. ఆమెకి దొరికిన న్యాయం కూడా అంతవరకే.) కృష్ణుడు చిరునవ్వు నవ్వుతాడు. తర్వాత సంస్కృత మూలంలో అతను చెప్పే సమాధానం చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. తప్పంతా నీదే, నీ కొడుకుదే అని మొదలుపెట్టి, బ్రాహ్మణ స్త్రీ తపస్సు కోసం కంటుంది, ఆవు బరువు మోసేదాన్ని కంటుంది, గుర్రం పరుగెత్తేదాన్ని, శూద్ర స్త్రీ దాసుణ్ణి, నీలాంటి రాజపుత్రి చంపబడడానికే కంటుంది అంటాడు. వర్ణవ్యవస్థని గర్భాల వరసగా ఇంత పచ్చిగా చెప్పిన చోటు ఇంకొకటి నాకు తెలీదు. అది విని గాంధారి ఇంకేమీ మాట్లాడలేదని వ్యాసుడు రాశాడు. ఆ మౌనాన్ని మనం ఒప్పుదల అనుకుంటూ వచ్చాం.

ఆడవాళ్ళ గుర్తులు ఊళ్ళో అసలు లేవని కాదు. భద్రకాళి గుడి ఉంది. సతీదేవి కుడి చీలమండ పడ్డ శక్తిపీఠమంటారు, భక్తులు మట్టి గుర్రాలు సమర్పించుకుంటారు. బ్రహ్మ సరోవరం మధ్యన ద్రౌపదీ కూపం అనే బావి ఉంది. దుశ్శాసనుడి నెత్తురు పూసుకున్న జుట్టుని ద్రౌపది అక్కడ కడుక్కుందని చెబుతారు. ఆ నెత్తుటి జడ వ్యాసుడిది కాదు, భట్టనారాయణుడి వేణీసంహార నాటకం నుంచి వచ్చి జనంలో స్థిరపడింది. స్త్రీపర్వంలో ద్రౌపది ఏం చేస్తుంది? ఐదుగురు కొడుకులూ పోయి, ఈ రాజ్యం నాకెందుకని కుంతి దగ్గర కుప్పకూలిపోతుంది. అప్పుడు ఆమెని ఓదార్చేది గాంధారి. నువ్వెలాగో నేనూ అలాగే, నన్నెవరు ఓదారుస్తారు అంటుంది. గెలిచిన పక్షపు తల్లీ, ఓడిన పక్షపు తల్లీ ఒకరి ముందు ఒకరు నిలబడ్డ ఆ క్షణానికి ఒక రాయి లేదు. పగకి మాత్రం బావి ఉంది.

థానేసర్‌లో హర్షుడి దిబ్బ మీద తవ్వకాల్లో బయటపడ్డ ఇటుక గోడలు చూశాను. భర్త ప్రభాకరవర్ధనుడు ఇంకా కొన ఊపిరితో ఉండగానే యశోవతి చితిలోకి నడిచింది ఈ రాజధానిలోనే అని బాణుడి హర్షచరిత్ర చెబుతుంది. ఆ పక్కనే షేక్ చెహలీ సమాధి, తెల్లటి గుమ్మటంతో. దాన్ని ఆనుకుని చిన్న కట్టడం, ఆయన భార్య సమాధి అంటారు. ఆవిడ పేరు మాత్రం చెప్పరు.

గాంధారిని ఆకాశానికెత్తి ఊరుకోలేను. ఆమె చూపు శత్రుపక్షపు విరాటుణ్ణీ ద్రుపదుణ్ణీ కూడా చేరింది, కాలిబంట్ల దాకా రాలేదు. ఆమె పేరు పెట్టి పిలిచినవాళ్ళంతా రాజులూ, రాజుల భార్యలూ. నా అనేవాళ్ళు లేని శవాలని వేలకొద్దీ గుట్టలుగా పోసి కాల్పించారని అదే పర్వంలో ఉంది. ఆ గుట్టల దగ్గర మొదలుపెట్టింది మహాశ్వేతాదేవి. ఆమె 'పంచకన్య' కథలో ఐదుగురు పల్లెపడుచులు, సైనికుల వితంతువులు, ఉత్తరకి తోడుగా అంతఃపురంలోకి వస్తారు. వాళ్ళకిది ధర్మయుద్ధం కాదు, రాజులు రాజ్యం కోసం చేసుకున్న యుద్ధం. వైధవ్యాన్ని మోస్తూ కూర్చునే తీరిక వాళ్ళకి లేదు. పొలం దున్నాలి, మళ్ళీ పెళ్ళాడాలి, పిల్లల్ని కనాలి. నేల చల్లారగానే వెళ్ళిపోతారు. స్త్రీపర్వంలో వ్యాసుడూ తిక్కనా వదిలేసిన పేజీ ఇది.

ఈ నేల మీద ఇంకో స్త్రీపర్వం మన నాయనమ్మల కాలంలోనే నడిచింది. 1947లో దేశ విభజన శరణార్థులకి వేసిన శిబిరాల్లో కురుక్షేత్రందే అన్నిటికంటే పెద్దది. లక్షమంది కోసం అనుకున్న గుడారాల్లోకి దాదాపు మూడు లక్షలమంది వచ్చారు. కార్తియే బ్రెసాఁ తీసిన ఫొటో ఒకటి ప్రసిద్ధం, శిబిరంలో మగవాళ్ళు చేతులు పైకెత్తి వ్యాయామం చేస్తుంటారు. ఆ ఏడాది ఆడవాళ్ళకి ఏమైందో పుస్తకాలుగా రావడానికి 50 ఏళ్ళు పట్టింది. ఊర్వశీ బుటాలియా పుస్తకమూ, రీతూ మీనన్ - కమలా భాసిన్‌ల పుస్తకమూ రెండూ 1998లోనే వచ్చాయి. రావల్పిండి జిల్లా థోవా ఖాల్సాలో బావిలో దూకిన సిక్కు స్త్రీల కథ బుటాలియా పుస్తకంలో చదివినప్పటినుంచి, పరువు కోసం నీళ్ళ పాలైన ఆడవాళ్ళని తల్చుకోకుండా ఏ పుణ్యతీర్థంలోనూ కాలు పెట్టలేకపోతున్నాను.

సన్నిహిత్ సరోవరం పితృకార్యాలకి పేరుపడింది. నేనున్న గంటసేపట్లో మెట్ల మీద పిండాలు పెట్టినవాళ్ళంతా మగవాళ్ళే. ఆడవాళ్ళు కొంగు కప్పుకుని వెనక మెట్ల మీద కూర్చున్నారు. ఆడది తర్పణం విడవకూడదని మనకీ చెబుతారు. స్త్రీపర్వం చివర ఏముందో చూడండి. కౌరవ స్త్రీలందరూ ఏడుస్తూ గంగలో దిగి తండ్రులకీ, అన్నదమ్ములకీ, భర్తలకీ, కొడుకులకీ వాళ్ళ చేతులతోనే నీళ్ళు వదిలారు. ఆ నీళ్ళ దగ్గరే కుంతి నోరు విప్పింది. కర్ణుడు నా పెద్దకొడుకు, వాడికీ నీళ్ళు వదలండి అంది. జీవితమంతా మోసిన మాట అది. దానికి శాంతిపర్వంలో ధర్మరాజు ఇచ్చిన ఫలితం, ఆడవాళ్ళ నోట రహస్యం దాగకుండు గాక అని మొత్తం స్త్రీజాతికి శాపం. మన ఇళ్ళలో 'ఆడదాని నోట్లో నువ్వుగింజ నానదు' అన్నప్పుడల్లా సాక్ష్యానికి ఈ శాపాన్నే పిలుస్తారు. నువ్వుగింజ నానకపోవడం కాదు, అన్నేళ్ళు నానబెట్టినందుకే కదా ఆయనకి కోపం!

రెండో రోజు సాయంత్రం అమీన్ అనే పల్లెకి వెళ్ళాను. అభిమన్యుడు చిక్కుకున్న పద్మవ్యూహం అక్కడేనని నమ్మకం. అదే ఊళ్ళో అదితి గుడి, సూర్యకుండం ఉన్నాయి. కొడుకు కావాలనుకునే ఆడవాళ్ళు ఆ కుండంలో మునిగి అదితికి మొక్కుకోవాలని ఆచారం. హర్యానాలో ఆరేళ్ళలోపు పిల్లల్లో వెయ్యిమంది మగపిల్లలకి ఆడపిల్లలు 2001 జనాభా లెక్కల్లో 819, 2011లో 834. కుండం గట్టు మీద కూర్చుని ఉత్తర ఘట్టం తీశాను. ఆమె భర్త కవచం విప్పుతుంది. నెత్తుటితో అట్టకట్టిన జుట్టు సర్ది తలని ఒళ్ళో పెట్టుకుంటుంది. బతికున్న మనిషితో మాట్లాడినట్టే, మనం కలిసి ఉన్నది ఆరు నెలలే, ఏడో నెలలో వెళ్ళిపోయావు అంటుంది. మత్స్యరాజు ఇంటి ఆడవాళ్ళు ఆమెని అక్కడినుంచి లాక్కుపోతారు. అప్పటికి ఆమె కడుపుతో ఉంది. మిగిలిన వంశమంతా మగపిల్లాడి కోసం ఆ కడుపు వైపే చూస్తోంది.