యాకోబు, యెహోషువ, యేసు: తెలుగు బైబిలులోని పేర్లపై ఒక పరిశీలన

తెలుగు బైబిలులోని పేర్లను ఇంగ్లీషు ఉచ్చారణలోనికి మార్చి పలుకుట మన ప్రసంగ వేదికలపై తరచుగా వినబడుచున్నది. మోషే 'మోజెస్' అగును, హవ్వ 'ఈవ్' అగును, యాకోబు పత్రిక 'జేమ్స్' అగును. ఇంగ్లీషు రూపమే మూలమునకు దగ్గరిదను భావనతో మేము ఏకీభవించలేము. మోషే, హవ్వ అనునవి హెబ్రీ ఉచ్చారణకు ఎంతో సమీపమైనవి. 'మోజెస్' గ్రీకు, లాటిను భాషల మీదుగా వచ్చినది.

యాకోబు విషయములో నష్టము మరింత ఎక్కువ. ఈ హెబ్రీ పేరు గ్రీకులో యాకోబోస్, లాటినులో యాకోబుస్ అయి, తరువాతి లాటినులో యాకోముస్ అను మారురూపము పొంది, ప్రాచీన ఫ్రెంచి ద్వారా 'జేమ్స్' అయినది. కనుక ఇంగ్లీషు పాఠకునికి పితరుడైన జేకబ్ వేరు, పత్రికా రచయిత జేమ్స్ వేరు. మనకు ఇద్దరును యాకోబులే. పత్రిక 1:1 చూడుడి. యాకోబు అను పేరుగలవాడు చెదరియున్న పండ్రెండు గోత్రములవారికి వ్రాయుచున్నాడు. ఆ గోత్రకర్తల తండ్రి పేరును యాకోబే. చదువురాని అవ్వ కూడ ఈ ప్రతిధ్వనిని పట్టుకొనగలదు. 'జేమ్స్' అనగానే అది పోవును. రచయిత దీనిని ఉద్దేశించెనా అనునది వేరు చర్చ.

అయితే మన అనువాదము అన్నిచోట్ల ఇట్లు చేయలేదు. మిర్యాము, మరియ అను రూపములు ఒకే పేరువని మన పాఠకునికి తెలియదు. యెహోషువ, యేసు అను పేర్ల సంగతి ఇంతకన్న ముఖ్యమైనది. యెహోషువకు కురుచరూపము యేషూవ. గ్రీకులో 'ష' ధ్వని లేదు గనుక 'స' వచ్చి, చివర 'స్' చేరి యేసూస్ అయినది. మన భాషలో పదములు అచ్చుతో ముగియుట సహజము గనుక, పౌలోస్ పౌలు అయినట్లే, ఇదియు 'యేసు' అయినది. గ్రీకు పాఠములో అపొ. కార్యములు 7:45, హెబ్రీయులకు 4:8 వచనములలో నూను కుమారునికిని మన ప్రభువుకును ఒకటే పేరు. 1611 నాటి ఇంగ్లీషు అనువాదము అక్కడ యేసు పేరునే ఉంచి పాఠకుని తికమకపెట్టినది. (ఆ ముద్రణలో ఆ పేరు 'జె'తో కాక 'ఐ' అక్షరముతో మొదలగుట గమనార్హము.) మనవారు యెహోషువ అని వ్రాయుట స్పష్టతకు మేలే. కాని ఒక యేషూవ దేశమును స్వాధీనపరచి విశ్రాంతి ఇయ్యలేకపోయెననియు, అదే పేరుగల మరియొకడు దానిని ఇచ్చుననియు వినబడు వాదబలము తెలుగులో తగ్గినది. హెబ్రీ పత్రిక బోధించువారు సంఖ్యాకాండము 13:16లో మోషే హోషేయకు ఈ పేరు పెట్టిన సంగతిని ముందుగా చదివించి, పిమ్మట 4:8కి వచ్చినయెడల ఈ లోటు చాలవరకు తీరును.